బయటి బెంచీ మీద అరగంట

మీ ఊరి బస్టాండు పక్కన చాయ్ హోటల్లో, రోడ్డు వైపు బెంచీ మీద, ఒక ఆడమనిషి ఒక్కతే కూర్చుని చాయ్ తాగుతుంటే మీరేమనుకుంటారు? నిజం చెప్పండి. బస్సు కోసం ఆగిందనుకుంటారా? ఎవరో రావాల్సి ఉందనుకుంటారా? ఇంట్లో గొడవపడి వచ్చిందనుకుంటారా? ఆమెకు చాయ్ తాగాలనిపించి తాగుతోందన్న జవాబు మీకు తడుతుందా?

నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా సభల్లో నిలబడి మనిషి స్వేచ్ఛ గురించి గొంతు చించుకున్నవాణ్ణి. శాస్త్రాలను, పీఠాలను, పంచాంగాలను ఎడాపెడా తిట్టి వ్యాసాలు రాసినవాణ్ణి. అయినా తట్టలేదు.

నేను కరీంనగర్‌లో ఉంటాను. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ రోజు గోదావరి దాటి, పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుబాయి ఊళ్ళో మూఢనమ్మకాల మీద మాట్లాడి తిరిగి వస్తున్నాను. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది. మధ్యాహ్నం మూడు దాటింది. మొదటి షిఫ్టు దిగిన కార్మికులు హోటల్ ముందు గుంపుగా ఉన్నారు. హోటలంటే రేకుల షెడ్డు, లోపల నాలుగు బల్లలు, బయట రెండు బెంచీలు. ఒక బెంచీ మీద ఆరుగురు మగవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు కూర్చున్నారు. రెండో బెంచీ మీద, ఒక చివర, నలభై దాటిన ఒక స్త్రీ. ఆ బెంచీ మీద ఇంకా ముగ్గురికి చోటుంది. ఎవరూ కూర్చోవడం లేదు.

నేను కౌంటర్ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. "ఆమె ఎవలకోసం చూస్తున్నది?"

హోటలాయన గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఎవలకోసం లేదు సార్. డ్యూటీ దిగుతది, వస్తది, తాగుతది, పోతది. బస్సుకోసం మీరు చూస్తున్నరు. ఆమె ఏం చూస్తలేదు."

అడిగిన ప్రశ్నకు నాకే సిగ్గేసింది. బస్సులో కూర్చున్నాక కూడా అది వదల్లేదు. సంస్కరణ పేరుతో మేం చేసిన పనులన్నీ గుర్తుకొచ్చాయి. అన్ని కులాలవాళ్ళను ఒకే వరుసలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టాం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చన్న దాని మీద రోజుల తరబడి వాదించాం. ఎవరి పక్కనా కూర్చోకుండా ఒక ఆడమనిషి నలుగురి మధ్య ఊరికే కూర్చోగలదా అన్న ప్రశ్న ఒక్క తీర్మానంలో కూడా రాలేదు. ఎందుకంటే ఆ తీర్మానాలు రాసిన మాకందరికీ అలా ఊరికే కూర్చునే అరగంట పుట్టుకతోనే ఉంది.

దీని మీద సినిమా తీయాలనుకున్నాను. ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ. వ్యాసం రాస్తే చదివేవాళ్ళు నాలాంటివాళ్ళే. సినిమా అయితే కాలేజీల్లో, కాలనీల్లో తెర కట్టి చూపించవచ్చు. అప్పటికి నాకు కెమెరా ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు.

మూడుసార్లు ఆ ఊరు వెళ్ళి, ఆమెతో మాట్లాడే ధైర్యం చాలక తిరిగి వచ్చాను. నాలుగోసారి హోటలాయనే పరిచయం చేశాడు. "అక్కా, సార్ కరీంనగర్ నుంచి వచ్చిండు. నీ మీద సినిమా తీస్తడట."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నేనేం జేస్త సార్ సినిమా తీయనీకి? నేను కూసుంట, గంతే."

"అదే తీస్త."

"కూసునుడు సుత సినిమా ఐతదా?" అని నవ్వి, గ్లాసు కింద పెట్టింది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. బాయిలో దీపాల గదిలో పని. కింద దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. ఒక్కో దీపానికి ఒక నంబరు, ఆ నంబరుకు గోడ మీద ఒక గూడు. షిఫ్టు అయ్యాక ఏ గూడైనా ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం.

"వాడు ఎక్కడ్నో ముచ్చట పెట్టుకుంట నిలవడ్తడు సార్. నాకు ఈడ పాణం మీదికొస్తది. గూడు నిండిందాక ఎవలేం మాట్లాడినా నాకు ఇనవడది. ఇంటికి పోతె అత్త ఉంటది, ఆమె మందులు, వంట. బిడ్డ బాసర కాడ హాస్టల్ల ఉండి సదువుకుంటున్నది, దాని ఫోన్లు. నడుమ గీ అద్దగంట. ఎవలు వచ్చిన్రా, ఎవలు రాలేదా అని చూడనక్కర లేదు."

సినిమాకు ఒప్పుకుంది. రెండు షరతులు పెట్టింది. "మా ఇంటికాడికి రావద్దు. ఏదున్నా నన్నే అడుగుండ్రి, ఇంకెవల్నీ అడగొద్దు." నా నోటుబుక్కులో రాసుకుని, కింద గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది.

కెమెరామన్ కరీంనగర్‌లో స్టూడియో ఉన్నవాడు. సుల్తానాబాద్ నుంచి పెద్దపల్లి దాకా పెళ్ళిళ్ళన్నీ అతనే తీస్తాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి నాతో వచ్చాడు. మొదటి రోజు కారులో మా మాటలు ఇలా నడిచాయి.

"సార్, ఆమె గేటు కాంచి నడ్సుకుంట వస్తుంటే స్లో మోషన్ కొడుదమా? పెండ్లిపిల్ల ఎంట్రీ లెక్క."

"వద్దు."

"డ్రోన్ లేపుదమా?"

"వద్దు."

"మరి ఏం తీద్దం సార్?"

"కూసునుడు."

"అద్దగంట కూసునుడే తీస్తె, చూసేటోళ్ళు లేసిపోతరు సార్."

మొదటి రోజు రోడ్డు అవతల నుంచి, చెప్పుల దుకాణం పక్కన నిలబడి తీశాం. బాగా వచ్చింది. ఆమె గ్లాసును రెండు చేతులతో పట్టుకుని లారీలను చూస్తోంది. ఒక కుక్క వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. ఏమీ జరగలేదు. నాకు కావలసింది అదే.

రెండో రోజుకు జనం కెమెరాను కనిపెట్టారు. లెన్సు ఎటు తిరిగితే చూపులన్నీ అటు తిరిగాయి. అప్పటిదాకా ఆ బెంచీ ఆ ఊరికి అలవాటైపోయి ఉంది. వాళ్ళు ఆమెను చూసీ చూడనట్టు ఉండేవాళ్ళు, ఆమెకు దొరికిన స్వేచ్ఛ అంతా ఆ పరధ్యానంలో ఉంది. నేను కెమెరా పెట్టి 'ఇదిగో చూడండి' అన్నాను. వాళ్ళు చూడటం మొదలుపెట్టారు. ఇది నాకు అప్పుడే అర్థమైందని చెబితే అబద్ధం.  

మూడో రోజు ఒకతను మోటార్ సైకిల్ మా కారుకు అడ్డంగా ఆపాడు. స్టాండు వేయకుండా, దాని మీదనే కూర్చుని అడిగాడు. "ఎవల పర్మిషన్ తీస్కున్నవ్ సార్?"

"ఆమెది" అన్నాను. 

"ఆమెది సరే. ఇంటోళ్ళది?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే కదా నేను ముప్పై ఏళ్ళు చదివింది! వేదిక మీద అయితే గంటసేపు చెప్పేవాణ్ణి. అక్కడ, ఎండలో, చుట్టూ పదిమంది చేరుతుంటే, కారు తలుపు తీసి పట్టుకున్నాను. అతను జేబులోంచి ఫోను తీసి మా కారు నంబరు, మమ్మల్ని, బెంచీ మీద ఉన్న ఆమెను వరసగా వీడియో తీసుకుని వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఆ వీడియో ఏ గ్రూపుకు వెళ్ళి ఉంటుందా అన్నదే ఆలోచన. కాలనీ గ్రూపుకా? కుల సంఘం గ్రూపుకా? దాని కింద ఏం రాసి ఉంటారు? గోదావరి వంతెన దాటేటప్పటికి చెమటలు పట్టాయి. పెద్దపల్లి వచ్చేసరికి ఆమె అత్తకు ఎవరో చూపించి ఉంటారని నమ్మేశాను. సుల్తానాబాద్‌లో కెమెరామన్ మిర్చి బజ్జీలు కొనడానికి దిగినప్పుడు ఫోను తీశాను.

ఆమె బావకు చేశాను. అంటే ఆమె భర్తకు అన్న; ఆ సంగతి హోటలాయన మాటల మధ్య చెప్పాడు. ఆయన నాకు పదేళ్ళుగా తెలుసు. బాయి పని చేసి రిటైరైన మనిషి, కాలనీలో నలుగురూ మాట వినేవాడు. మా సభలు ఆ ఊళ్ళో ఎప్పుడు పెట్టినా కుర్చీలు వేయించింది, మైకు సరిచూసింది ఆయనే. బాబాల మీద నాకంటే కోపం ఎక్కువ. అలాంటి మనిషికి ఒక మాట చెవిన వేస్తే ఏ గొడవా రాదనుకున్నాను. మా ఉద్యమంలో అది అలవాటు. ఏ వాడలో సభ పెట్టినా ముందు ఆ వాడ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, కూర్చుని, చాయ్ తాగి, ఒక మాట చెప్పి వస్తాం. రాళ్ళు పడకుండా. దేవుడికి దండం పెట్టని మేం పెద్దమనిషికి పెట్టకుండా ఎప్పుడూ మైకు పట్టుకోలేదు.

"మీ మరదలి మీద చిన్న సినిమా తీస్తున్న" అన్నాను.

"అయ్యో, మంచిది సార్! మీరంటె మాకు నమ్మకం. మీరేం ఫికర్ జేయకుండ్రి, రేపు నేనే వస్త" అన్నాడు.

ఫోను పెట్టేసి ఊపిరి పీల్చుకున్నాను. నోటుబుక్కులో గీసిన గీత గుర్తుకు రాకపోలేదు. దానికి సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉంది. నేను అనుమతి అడగలేదు కదా, సమాచారం ఇచ్చాను. తర్కం చదువుకున్నవాడికి ఇలాంటివి చాలా వేగంగా దొరుకుతాయి.

మరునాడు ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. అందరికీ నమస్తే చెప్పి, మళ్ళీ వచ్చిన మోటార్ సైకిలతని వైపు ఒకసారి గట్టిగా చూసి, వెళ్ళి ఆమె బెంచీ మీద, సరిగ్గా నడుమ కూర్చున్నాడు.

ఆమె లేచి నిలబడింది.

మా వైపు ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. భర్త అన్న ఎదుట తమ్ముని భార్య కూర్చోదు. మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు ఇంటికి వస్తే నన్ను కన్న అవ్వ గోడకు ఆనుకుని, ఆయన వెళ్ళేదాకా నిలబడేది. జ్వరం వచ్చినప్పుడు కూడా. ఆమెను ఎవరూ నిలబడమనలేదు. మా పెద్దబాపు చాలా మంచివాడు. ఇదంతా చూస్తూ పెరిగిన నేను, ఒక ఆడమనిషి కూర్చోవడం మీద సినిమా తీస్తూ, ఆమె ఎవరి ముందు కూర్చోలేదో ఆ ఒక్క మనిషిని వెతికి పిలిచాను.

"కూసో బిడ్డా, కూసో. సార్ షూటింగ్ తీస్తుండు" అన్నాడాయన, ప్రేమగానే.

"పర్వలే బావా."

కొంగు సర్దుకుని, గ్లాసును పక్కకు తిప్పి, రెండు గుక్కల్లో తాగి, ఆమె వెళ్ళిపోయింది. ఆమె అరగంట ఆ రోజు రెండు నిమిషాల్లో అయిపోయింది. వెళ్తూ నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండు. ఖాళీ గూటిని చూసినట్టు చూసింది.

కెమెరామన్ చెవిలో అడిగాడు. "సార్, ఈయన ఫ్రేముల ఉండాల్నా?"

"తీయి" అన్నాను.

ఆ తర్వాతి రోజు హోటల్లో కొత్త ఏర్పాటు కనబడింది. లోపల ఒక మూల బల్లకు అడ్డంగా సుతిలి తాడు కట్టి, హోటలాయన తన భార్య పాత చీర వేలాడదీశాడు. ఆకుపచ్చ చీర. ఎంతో సంబరంగా చూపించాడు. "అక్కకు ఫ్యామిలీ జాగ చేసిన సార్. లోపల కూసుంటె బావకు కనవడది, ఆరాంగ తాగొచ్చు. సినిమాల మా హోటల్ పేరు పడ్తదా?"

ఆమె వచ్చింది. బయట బెంచీ మీద బావ ఉన్నాడు. ఆమె తల వంచుకుని లోపలికి వెళ్ళి పరదా వెనుక కూర్చుంది. బయట మేం. కెమెరామన్ మూడు కాళ్ళ స్టాండు పెట్టి, తల గోక్కున్నాడు. "పరదాను తీయాల్నా సార్?"

ఎవరు చెడ్డవాళ్ళు, చెప్పండి? నేను ఆమె క్షేమం కోరాను. బావ మర్యాద కోసం వచ్చాడు. హోటలాయన దయతో చీర కట్టాడు. ముగ్గురం మంచివాళ్ళమే. ముగ్గురం కలిసి అయిదు రోజుల్లో ఆమెను రోడ్డు మీది నుంచి మూలకు చేర్చాం. శత్రువైతే ఇంత శుభ్రంగా చేయలేడు.

ఆ రోజు బావ కెమెరా ముందు మాట్లాడాడు. "మా ఇంట్ల ఆడోళ్ళకు మేం ఫ్రీడం ఇచ్చినం సార్. ఆమె హోటల్ల కూసుంటదని నలుగురు నాలుగు తీర్ల అన్నరు. నేనే పట్టించుకోలే." వెలుతురు బాగుంది, గొంతు బాగుంది. సభలో చప్పట్లు పడతాయనుకున్నాను. 'ఇచ్చినం' అన్న మాట దగ్గర నాకు ఏమీ గుచ్చుకోలేదు. ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడని మా వేదికల మీద నేనే ఎన్నిసార్లు చెప్పాను!

కరీంనగర్‌లో సినిమా కూర్పు పూర్తయింది. హాలు మాట్లాడాం, పిలుపులు పంపాం. ముందు ఆమెకు చూపించాలని ఫోను చేశాను. ఎత్తలేదు. మరునాడు, ఆ మరునాడు ఎత్తలేదు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయింది. నాలుగు రోజులు ఆ ఒక్క టిక్కును చూస్తూ గడిపాను. అన్నం ముందు కూర్చుని ఫోను తిప్పుతున్నాను. ఇంట్లో ఏమైనా అన్నారా? ఉద్యోగం దగ్గర ఎవరైనా ఏమైనా అన్నారా? ఏదైనా చేసుకుందా? ఈ చివరి ప్రశ్న వచ్చిన పొద్దుటే బయలుదేరాం.

హోటల్ ముందు ఆ బెంచీ ఖాళీగా ఉంది. హోటలాయన నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు. "అక్క వస్తలేదు సార్. వారం దాటె. చీర తీసేద్దునా అంటె, రేపొస్తదేమో అని ఉంచిన."

"ఏమన్న అయిందా?"

"నాకేం ఎర్క సార్? మీకే తెల్వాలె."

ఇంటికి వెళ్ళకూడదని ఆమె షరతు. ఈసారి దాన్ని తప్పలేదు. బాయి గేటుకు దూరంగా, తుమ్మచెట్ల కింద నిలబడ్డాం. షిఫ్టు సైరన్ మోగింది. మనుషులు గుంపులుగా వస్తున్నారు, బొగ్గు మసి ముఖాలతో, క్యారేజీ గిన్నెలతో. ఆమె లేదు. గుంపులు పలచబడ్డాయి. ఆమె లేదు. గోడ మీద ఒక గూడు నిండకపోతే ఎలా ఉంటుందో ఆమె చెప్పినప్పుడు నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అది ఏమిటో ఆ గేటు దగ్గర తెలిసింది.

అందరికంటే చివర వచ్చింది. దీపాలన్నీ తీసుకున్నాకే కదా ఆమె రావాలి. కంగారులో అది కూడా మరిచిపోయాను.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "ఫోన్ల వాట్సాపే తీసేసిన సార్, ఆ గ్రూపులు చూడలేక" అంది, నేను అడగకముందే. "పొద్దున లేస్తె అందరు గుడ్ మార్నింగ్ పెట్టుడు బంద్ జేసి నా వీడియో పెడ్తున్నరు. 'చాయ్ మేడం' అని పేరు పెట్టిన్రు. ఎవల ఫోను ఎత్తబుద్ధి ఐతలేదు."

"సినిమా మీకు చూపియ్యాలె" అన్నాను. అప్పుడు మాకు ఇంకో సంగతి తెలిసింది. కూర్చుని చూడటానికి ఆ ఊళ్ళో మాకు చోటు లేదు. హోటల్‌కు ఆమె రాదు, ఇంటికి నేను వెళ్ళలేను. చివరికి ఊరి బయట బస్సు షెల్టర్‌లో, సిమెంటు దిమ్మె మీద ముగ్గురం కూర్చున్నాం. కెమెరామన్ ఎండ పడకుండా తువ్వాల అడ్డం పెట్టి లాప్‌టాప్ పట్టుకున్నాడు.

మొదటి రోజు దృశ్యాలు చూసి నవ్వింది. "కుక్క మంచిగ పడ్డది తమ్మీ." బావ మాటలు వచ్చాయి. చూసింది. మొత్తం అయ్యాక లాప్‌టాప్ మూత తానే వేసింది.

"సార్, గీ సినిమా నాదా, మా బావదా?"

నేను నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాను.

"ఆయనకు ఎవలు చెప్పిన్రు?"

"నేనే. అడగలే, ఊరికే చెప్పిన…"

"చెప్పుడేంది, అడుగుడేంది సార్? ఆయన వచ్చిండు గదా." గొంతు పెంచలేదు. "నేను ఎవల్నీ అడగకుంట ఆరేండ్ల సంది కూసున్న. ఎవలు ఇయ్యలే, ఎవలు వద్దనలే. మీరొచ్చి అది ఆయన చేతిల పెట్టిన్రు. ఇప్పుడు నేను కూసోవాల్నంటె ఆయన ఇస్తె కూసున్నట్టు."

నా వ్యాసాలన్నిటిలో వెతికినా ఇంత సూటి వాక్యం దొరకదు. సినిమా ఎక్కడా చూపించనని చెప్పాను. అది సరిపోదంది.

"ఆయనకు నా ముందట ఫోన్ చెయ్యుండ్రి. మీరు చెప్పిన తప్పు మీరే చెప్పుండ్రి."

చేశాను.  స్పీకర్ పెట్టమంది. "సార్, చెప్పుండ్రి!" అన్న ఆయన గొంతు షెల్టర్‌లో గట్టిగా వినిపించగానే ఆమె దిమ్మె మీది నుంచి లేచి నిలబడింది. ఫోనులో గొంతు వినబడితేనే.

ఆమెను అడగకుండా మీకు చెప్పడం నేను చేసిన తప్పని, ఆ అరగంట మీరు గానీ నేను గానీ ఇచ్చింది కాదని, తడబడుతూ చెప్పాను. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "గిదేంది సార్? నేనేమన్న వద్దన్ననా? నేను గర్వంగ కూసున్న."

అప్పుడామె వంగి ఫోను దగ్గరగా మాట్లాడింది. "బావా, నువ్వు వద్దనలే. నువ్వొస్తె నేను కూసోలేను. గంతే."

"నిన్ను లెవ్వుమని ఎవలన్నరు బిడ్డా?"

"ఎవలనలే. అనకుంటనే లేస్త. ఇరవై ఏండ్ల సంది లేస్తున్న." చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మళ్ళీ దిమ్మె మీద కూర్చుంది. కూర్చున్నాక అంది, "రేపటి సంది హోటల్ కాడికి రాకు బావా."

కెమెరామన్ చేయి సంచి మీదికి వెళ్ళింది. నాకు తెలుసు, సినిమా మొత్తంలో లేని దృశ్యం అదే. అతను నా వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చేయి వెనక్కి వచ్చింది. పెళ్ళిళ్ళు తీసే ఆ మనిషి నాకంటే ముందు నేర్చుకున్నాడు.

 ఫోనులో ఆయన, "సరే. సార్ ఉన్నడు గదా. తర్వాత మాట్లాడుకుందం" అన్నాడు. పెట్టేశాడు.

తర్వాత. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. తర్వాత ఏం మాట్లాడుకున్నారు? ఎవరు, ఏ గొంతుతో? ఆమె అత్త ఏమంది? బాసరలో ఉన్న బిడ్డకు ఫోను వెళ్ళిందా?

"రేపు బెంచీ మీద కూసుంటరా?" అని అడిగాను.

"ఏమో సార్. కూసుంటనేమో. ఆ చీర తీసెయ్యుమంట." తర్వాత నన్ను చూసి అంది, "మీరు సుత రావద్దు సార్. చూడనీకి సుత రావద్దు."

ఇదంతా రాయవచ్చా అని అడిగాను. అడగడం అప్పటికి వచ్చింది. "రాసుకోండ్రి. పేరు రాయకుండ్రి, ఊరు రాయకుండ్రి." దీపాల గది సంగతి రాయనా అంటే, "రాయుండ్రి, బాయిలు చానున్నయ్" అంది.

సినిమా ఒక డబ్బాలో, నా బీరువాలో ఉంది. హాలు వద్దన్నాం. భయపడి దాచుకున్నావని మిత్రులు వెక్కిరించారు. భయపడిన మాట నిజమే, కానీ అది ఆ సుల్తానాబాద్ ఫోను రోజున. ఆ తర్వాత రెండుసార్లు ఆ దారిన బస్సులో వెళ్ళాల్సి వచ్చింది, మూడున్నర వేళకే. కళ్ళతో చూసి రుజువు చేసుకోనిదే ఏదీ నమ్మవద్దని జీవితమంతా చెప్పినవాణ్ణి. హోటల్ దగ్గరికి వస్తోందనగానే రెండుసార్లూ ముఖం అవతలి కిటికీ వైపు తిప్పుకున్నాను. బెంచీ మీద ఆమె ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు పోగొట్టుకున్నాను. గూడు నిండిందో లేదో తెలియని మనిషిలా బతుకుతున్నాను.

మీకు ఆ బాధ లేదు. మీరు చేయగలిగింది ఉంది. రేపు సాయంత్రం మీ ఊరి హోటల్‌కు వెళ్ళండి. లోపల ఒక మూలన 'ఫ్యామిలీ' అని పరదా వేలాడుతుంటుంది. దాన్ని తీయమని యజమానిని అడగండి, తీసేదాకా అడగండి. బయట బెంచీ మీద ఒక ఆడమనిషి ఒక్కతే కూర్చుని ఉంటే, ఎవరి కోసమని అడగకండి, ఎవరి మనిషని ఆరా తీయకండి, ఫోను తీయకండి, మెచ్చుకోకండి. ఆమె ఇంటివాళ్ళు మీకు తెలిసినవాళ్ళే అయితే వాళ్ళ నంబరు నొక్కకండి. మీ రాక చూసి ఆమె లేచి నిలబడే చుట్టం మీరే అయితే, ఆ హోటల్ దాటి వెళ్ళిపోండి. చాయ్ ఇంకోచోట తాగండి.